ట్రాక్టరు వెనుక బ్లేడు: పాతదాన్ని పనికి తెచ్చుకోవడం

 

మీ ఊళ్లో ఏ వేపచెట్టు కిందనో, ఏ గడ్డివామి పక్కనో, ట్రాక్టరు వెనుక బిగించే పాత బ్లేడు ఒకటి తుప్పు పట్టి పడి ఉండే ఉంటుంది. వానలు రాకముందు చేను చదును చేసుకోవాలని, పెంటకుప్పలు చేనంతా నెరపాలని, పొలానికి పోయే బాట సరిచేసుకోవాలని మనకు ఆలోచన వస్తుంది. కొత్త బ్లేడు ధర అడిగితే గుండె గుభేలుమంటుంది. అప్పుడు ఆ చెట్టుకింది బ్లేడు కంటబడుతుంది. "పాతదైతేనేం, ఇనుమే గదా! నాలుగు అతుకులు వేయించి ఇంత రంగు పూయిస్తే సరి" అనుకుంటాం.

ఈ మాటలో సగం నిజముంది, సగం ప్రమాదముంది. బ్లేడులోని పెద్ద పలక, లావుపాటి దూలం అంత సులువుగా చెడిపోయేవి కావు. పైన తుప్పు కనిపించినా లోపల ఇనుము గట్టిగానే ఉంటుంది. అది నిజం. ప్రమాదం ఎక్కడుందంటే, అరిగిపోయేవి చిన్న చిన్న భాగాలు. సీలలు, సీలలు దూరే బెజ్జాలు, నేలను కోసే అంచు పట్టీ. ఇవి రంగు కింద దాగిపోతాయి. కడసీల వదులైన బండి ఎంత దూరం పోతుందో మీకు నేను చెప్పనక్కరలేదు. బ్లేడు సంగతీ అంతే. అంచేత ముందు సీలలు, తరువాత అంచు, ఆ తరువాత అతుకులు, అన్నిటికన్న చివర రంగు. ఈ వరుస తప్పకుండా పనిచేస్తే పాత బ్లేడు మరి కొన్నేళ్లు మీకు సేవ చేస్తుంది.

మొదట బ్లేడులో ఏమేం ఉన్నాయో చూద్దాం. వెనుక వైపు, విల్లులా వంగి ఉండేది పలక. దాని అడుగున బోల్టులతో బిగించి ఉండేది అంచు పట్టీ. పలకను ముందుకు కలిపేది దూలం. పలకను ఏటవాలుగా తిప్పుకోవడానికి దూలానికీ పలకకూ మధ్య చుట్టూ బెజ్జాలున్న తిరుగుడు పళ్లెం ఒకటి, దాని నడుమ లావుపాటి నిలువు సీల ఒకటి ఉంటాయి. దూలం ముందు భాగాన ట్రాక్టరుకు తగిలించే ముక్కోణపు చట్రం ఉంటుంది. దానికి కింద రెండు సీలలు, పైన ఒక సీల. మొత్తం ఇంతే.

బ్లేడును కొనబోయేముందే నాలుగు పరీక్షలు చేసుకోవాలి. మీతో ఒక టేపు, ఒక నూలుదారం, చిన్న సుత్తి, ఒక సుద్దముక్క తీసుకుపొండి. దారాన్ని పలక ఈ చివరి నుంచి ఆ చివరికి బిగించి పట్టి చూడండి. అంచుకూ దారానికీ మధ్య ఎక్కడైనా సందు కనిపిస్తే పలక వంగిందన్నమాట. తరువాత పలకను తిన్నగా పెట్టి, కింది ఎడమ సీల నుంచి పలక ఎడమ చివరకు, కుడి సీల నుంచి కుడి చివరకు కొలవండి. రెండు కొలతలూ సమంగా ఉంటే చట్రం మెలికపడలేదు. మూడవది, పలక చివరను చేత్తో పట్టుకొని పైకీ కిందికీ ఆడించండి. ఎక్కడ కటకటమంటే అక్కడ అరుగుదల ఉంది. నాలుగవది, అతుకుల మీద సుత్తితో మెల్లగా కొట్టండి. గట్టి ఇనుము గంటలా మోగుతుంది. పగుళ్లు ఉన్నచోట శబ్దం బొంగురుగా వస్తుంది.

పగుళ్లు కంటికి ఆనకపోతే ఒక ఉపాయముంది. అనుమానమున్న చోట తుప్పు గీకి, కిరసనాయిలు గాని డీజిలు గాని పూయండి. కొంతసేపు ఆగి, గుడ్డతో పొడిగా తుడిచి, పైన సుద్ద రాయండి. పగులు ఉంటే లోపల దాగిన నూనె సుద్దలోకి ఊరి, సన్నని నల్ల గీతలా బయటపడుతుంది. దూలం మీద, ముక్కోణపు చట్రం మూలల్లో ఈ పరీక్ష తప్పక చేయాలి.

పలక కొంచెం వంగితే జాకీతో సరిచేయవచ్చు. బెజ్జాలు అరిగితే బాగుచేయవచ్చు. కాని దూలమే మెలికపడినా, తుప్పు తిని పెళుసైపోయినా అలాంటి బ్లేడును వదిలివేయడం మంచిది. బ్లేడు ధర, మరమ్మతు ఖర్చు, కొత్తదాని ధర మూడూ ఒకే కాగితం మీద వేసుకొని చూడండి. లెక్క అదే చెబుతుంది.

సరే, బ్లేడు తెచ్చుకున్నారు. ఇక విప్పడం. ఏళ్ల తరబడి కదలని నట్లు ఒక్కసారిగా ఊడవు. డీజిలు, ఇంజను నూనె కలిపి రాత్రంతా నానబెట్టండి. మర్నాడు నట్టు తల మీద నాలుగు వైపులా సుత్తితో కొట్టి, పానాతో ముందు బిగించేవైపు కాస్త, తరువాత విప్పేవైపు కాస్త తిప్పుతూ రండి. అప్పటికీ రాకపోతే గ్యాసు మంటతో నట్టును కాల్చవలసి వస్తుంది. కాల్చబోయేముందు ఆ నూనెనంతా శుభ్రంగా తుడిచివేయాలి సుమా! లేకపోతే మంట నట్టుతో ఆగదు. ఇంకా రాకపోతే నట్టును కోసి పారేయండి. పది రూపాయల నట్టు కోసం వేల రూపాయల చట్రాన్ని సమ్మెటతో వంచుకోవడం తెలివైన పని కాదు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. బెజ్జాలలోకి తొంగి చూడండి. కొత్తలో గుండ్రంగా ఉన్న బెజ్జం లాగుడుకు అరిగి కోడిగుడ్డు ఆకారానికి వచ్చి ఉంటుంది. "ఆ కాస్త వదులుకు ఏమవుతుందిలే" అంటారేమో. లెక్క వేసి చూద్దాం. చిన్నరకం ట్రాక్టర్లలో కింది రెండు సీలల మధ్య దూరం 683 మిల్లీమీటర్లు. అక్కడ ఒక పక్క 6 మిల్లీమీటర్ల వదులు ఉందనుకోండి. 6 అడుగుల పలక రెండు చివరల మధ్య ఆ తేడా సుమారు 16 మిల్లీమీటర్లు అవుతుంది. అంటే ఒక పక్క మట్టి కోస్తుంది, రెండో పక్క తేలిపోతుంది. వరిమడిలో ఆ తేడా ఎంత పని చేస్తుందో మీకు తెలుసు. ఒకచోట నారు మునుగుతుంది, ఒకచోట నేల బీటలిస్తుంది. సీల దగ్గర రవ్వంత, చేను మీద జానెడంత!

అంతేకాదు. వదులుగా ఉన్న సీల మీద బరువు నిలకడగా పడదు. ప్రతి గడ్డకూ, ప్రతి రాయికీ సమ్మెట దెబ్బలా పడుతుంది. అలా దెబ్బలు తిని తిని ఒకనాడు పుటుక్కున విరుగుతుంది. అది విరిగేది ఎప్పుడో కాదు, పని బాగా ముమ్మరంగా సాగుతున్నప్పుడే.

దీనికి మరమ్మతు ఏమిటి? మన ఊళ్లలో సాధారణంగా ఇలా జరుగుతుంది.

"మేస్త్రీ, ఈ బెజ్జం అరిగింది. కాస్త వెల్డింగుతో పూడ్చేయి."

"పూడ్చడమెందుకు మామా, ఇంకాస్త లావు సీల వేస్తే పోలా?"

రెండూ సరికావు. పూడ్చిన బెజ్జాన్ని మళ్లీ సరిగ్గా తొలవకపోతే గుండ్రంగా రాదు. లావు సీల వేస్తే అది ట్రాక్టరు చేతుల్లో పట్టదు. సరైన పద్ధతి బుష్షు వేయడం. అరిగిన బెజ్జాన్ని గుండ్రంగా పెద్దది చేయించి, లేతు పట్టించిన ఉక్కు బుష్షును అందులో కూర్చి, చుట్టూ అతికించాలి. రెండు చెవుల మధ్య సీల దూరే చోటైతే, రెండు బుష్షుల్లోనూ ఒకే తిన్నని కడ్డీని దూర్చి ఉంచి అతకాలి. అప్పుడే రెండు బెజ్జాలూ ఒకే వరుసన నిలుస్తాయి. ఒక పక్కనే ఏకబిగిన అతకకుండా అటు కొంచెం ఇటు కొంచెం వేయాలి. మధ్య మధ్య కడ్డీని తిప్పుతూ ఉండాలి. లేకపోతే ఇనుము ముడుచుకొని కడ్డీ అక్కడే బిగుసుకు కూర్చుంటుంది. ఇకమీదట అరిగితే బుష్షు అరుగుతుంది, చట్రం అరగదు. బుష్షును మళ్లీ మార్చుకోవచ్చు.

సీలను ఇంటి కప్పుకు వాడిన చువ్వ ముక్కతో చేయవద్దు. దాని మీద గీతలు ఉంటాయి, అవి బెజ్జాన్ని ఆకురాయిలా అరగదీస్తాయి. లేతు షాపులో ఇ.ఎన్. 8 రకం కడ్డీ అని అడిగితే ఇస్తారు. దాన్ని కొలతకు పట్టించుకోండి. బోల్టులు కొనేటప్పుడు తల మీద 8.8 అనే గుర్తు ఉన్నవి చూసి తీసుకోండి. సీల జారిపోకుండా చివర వేసే చిన్న కొక్కెపు పిన్ను స్థానంలో మేకు వంచి పెట్టడం మనకు అలవాటు. ఈ అలవాటు మానుకోవలసిందే. మేకు తెగితే సీల జారుతుంది, సీల జారితే బ్లేడు ఒక పక్కకు పడి చక్రానికి తగులుతుంది.

ఇక అంచు పట్టీ. దీనిని గట్టి ఉక్కుతో చేస్తారు. కొన్ని పట్టీలకు రెండు పక్కలా అంచు ఉంటుంది. ఒక పక్క అరిగితే విప్పి తిరగేసి బిగించుకోవచ్చు. మీ అదృష్టం కొద్దీ పాత బ్లేడుకు అలాంటిదే ఉందేమో ముందు చూసుకోండి. పట్టీ పూర్తిగా అరిగి పలకే నేలను రాచుకొనేదాకా ఆగకూడదు. పట్టీ మార్చడం సులువు, పలక మార్చడం కష్టం.

లారీ కమాను పట్టెను అంచుగా వేసే మేస్త్రులు ఉన్నారు. కమాను ఉక్కు గట్టిదే, కాదనను. కాని దాన్ని మామూలు ఎలక్ట్రోడుతో గబగబా అతికితే అతుకు పక్కన ఉక్కు గాజులా పెళుసవుతుంది. మొదటి రాయి తగలగానే అతుకు ఊడదు, అతుకు పక్కన పగులుతుంది. అంచేత అలాంటి ఉక్కును అతకడం కన్న బోల్టులతో బిగించడమే మేలు. బోల్టు తల పలకలోకి దిగి సమంగా ఉండాలి. పైకి పొడుచుకొని ఉంటే మట్టి పట్టుకుంటుంది, తలా అరిగిపోతుంది. తప్పనిసరిగా అతకవలసి వస్తే, ఉక్కును ముందుగా వేడి చేసి, తేమ తగలని లో హైడ్రోజన్ ఎలక్ట్రోడుతో అతికి, దానంతట అదే మెల్లగా చల్లారనివ్వాలి. నీళ్లు చల్లరాదు.

ఇనుము మెత్తనిదో గట్టిదో తెలియకపోతే గ్రైండరు రాయికి తాకించి చూడండి. మెత్తని ఇనుమైతే నిప్పురవ్వలు పొడుగ్గా తిన్నగా పోతాయి. గట్టి ఉక్కైతే రవ్వలు దగ్గర్లోనే మతాబులా చిట్లుతాయి.

దూలం మీదగాని చట్రం మీదగాని పగులు ఉంటే పైపైన అతికితే లాభం లేదు. పగులు చివర చిన్న బెజ్జం వేయాలి. అది పగులును అక్కడే ఆపుతుంది. తరువాత పగులు పొడవునా గాడి తీసి, లోపలి నుంచి నింపుకుంటూ రావాలి. ఈ అతుకు పనులన్నీ బ్లేడును ట్రాక్టరు నుంచి విప్పి, నేల మీద పెట్టి చేయించండి. ట్రాక్టరుకు తగిలించి ఉండగా అతికితే కరెంటు బేరింగుల గుండా పోయి వాటిని చెడగొట్టగలదు. విప్పడానికి వీలు లేనప్పుడు బ్యాటరీ తీగలు తీసివేసి, ఎర్తు పట్టును అతుకు పక్కనే తగిలించాలి.

ఇప్పుడు ట్రాక్టరుకు బిగించుకొనే సంగతి. పనిముట్టును మూడు చోట్ల తగిలించే ఈ పద్ధతిని ఐర్లండువాడైన హారీ ఫెర్గూసన్ రూపొందించాడు. 1939లో ఫోర్డు కంపెనీతో కలిసి తెచ్చిన ట్రాక్టరుతో అది బాగా వ్యాప్తి చెందింది. తరువాత కొలతలకు ప్రమాణాలు ఏర్పడ్డాయి. మనకు ముఖ్యమైనవి రెండు తరగతులు. మొదటి తరగతిలో కింది సీల లావు 22 మిల్లీమీటర్లు, పై సీల 19. రెండవ తరగతిలో కిందిది సుమారు 28, పైది 25. కింది సీలల మధ్య దూరం మొదటి తరగతికి 683, రెండవ తరగతికి 825 మిల్లీమీటర్లు. పాత బ్లేడు ఒక తరగతిది, మీ ట్రాక్టరు మరో తరగతిది కావచ్చు. 22 సీలను 28 గుండులో వేస్తే 6 మిల్లీమీటర్లు వదులే. ఇందాక లెక్క వేసిన ఆరే అది! కష్టపడి బుష్షులు వేయించి, ఇక్కడ మళ్లీ వదులు తెచ్చుకున్నట్లవుతుంది. ఈ సందు నింపే గొట్టపు తొడుగులు బజారులో దొరుకుతాయి. కొలిచి కొనుక్కోండి.

బిగించేటప్పుడు సమమైన నేల చూసుకోండి. ట్రాక్టరును మెల్లగా వెనక్కి తెచ్చి, ఇంజను ఆపి, బ్రేకు వేసి దిగండి. ముందు ఎడమ చేయి, తరువాత కుడి చేయి, చివర పైన టాప్ లింకు. కుడి చేతికి ఎత్తు సరిచేసే మర ఉంటుంది గనుక ఈ వరుస సులువు. ట్రాక్టరు వెనక్కి వస్తుండగా బ్లేడుకూ చక్రాలకూ మధ్య ఎవరూ నిలబడకూడదు. "నేను సీల పెడతాను, నువ్వు రానియ్యి బాబాయ్" అని కుర్రాళ్లు ముందుకు వస్తారు. వద్దనండి. క్లచ్చు మీద కాలు ఒక్కసారి జారితే చాలు.

బిగించాక పక్క గొలుసులు బిగించి బ్లేడు అటూ ఇటూ ఊగకుండా చేయండి. తరువాత మెల్లగా పూర్తిగా ఎత్తి, పలకను ఏటవాలుగా తిప్పి, టైరుకు ఎక్కడైనా తగులుతుందేమో చూడండి. 6 అడుగుల పలకను 30 డిగ్రీలు తిప్పితే అది కప్పే వెడల్పు సుమారు 5 అడుగుల 2 అంగుళాలే. అది మీ వెనుక చక్రాల బయటి కొలత కన్న తక్కువైతే చక్రపు గాడి మిగిలిపోతుంది.

బ్లేడును ఎత్తినప్పుడు ముందు చక్రాలు తేలికవుతాయి. ట్రాక్టరు మొత్తం బరువులో కనీసం నూటికి 20 వంతులైనా ముందు చక్రాల మీద ఉండాలి. లేకపోతే స్టీరింగు తిప్పినా బండి తిరగదు. లారీ కాటా దగ్గర బ్లేడు ఎత్తి ఉంచి, మొదట మొత్తం ట్రాక్టరును, తరువాత ముందు చక్రాలను మాత్రం తూచి చూసుకోండి. చాలకపోతే ముందు బరువులు తగిలించండి.

ఇక ప్రాణాల మాట. ఎత్తి ఉన్న బ్లేడు కిందికి చేయి గాని, కాలు గాని, తల గాని పోనివ్వకండి. దాన్ని పైకి పట్టుకొని ఉన్నది నూనె. ఒక్క గొట్టం పగిలినా, పిల్లలెవరైనా మీటను తాకినా బ్లేడు దబ్బున పడుతుంది. కింద పని ఉంటే గట్టి చెక్క దిమ్మెలు పెట్టి, బ్లేడును వాటి మీద ఆనించి, ఇంజను ఆపి అప్పుడు పని చేయండి. పని లేనప్పుడు బ్లేడును ఎప్పుడూ నేల మీదికి దించి ఉంచండి.

ఇంకొకటి. ఎడ్లకు కట్టే చదును బల్ల మీద బరువు కోసం మనిషి నిలబడటం మన తాతల నాటి అలవాటు. అదే అలవాటుతో ట్రాక్టరు బ్లేడు మీద కూడా పిల్లవాణ్ణి ఎక్కిస్తున్నారు. ఇది కూడదు. ఎడ్లు "హో" అంటే ఆగుతాయి. వెనుక కాలు జారిన పిల్లవాడి కేక ఇంజను చప్పుడులో వినిపించదు. బరువు కావాలంటే ఇనుప ముక్కలు బోల్టులతో బిగించుకోండి.

మొదటిరోజు పని తేలికపాటి పొడినేల మీద మొదలుపెట్టండి. లోతును నిలిపి ఉంచే పొజిషన్ కంట్రోలు మీటతో బ్లేడును నడపండి. టాప్ లింకును పొడవు చేస్తే పలక తల వెనక్కి వాలి, అంచు ముందుకు చొచ్చి ఎక్కువ కోస్తుంది. పొట్టి చేస్తే పలక ముందుకు వాలి పైపైన చదును చేస్తుంది. ఒక్కసారికి ఒక్క చుట్టు మాత్రమే తిప్పి ఫలితం చూడండి. ఒకేసారి లోతుగా కోయడానికి ఆశపడవద్దు. మెరకలో పైమట్టి అంతా గీకివేస్తే కింది చవుడో, గరుసో బయటపడి ఆ చోట పైరు ఎదగదు. వెనక్కి నెట్టే పని వదులు మట్టికే పరిమితం చేయండి. ట్రాక్టరు చేతులు లాగడానికి చేసినవి, నెట్టడానికి కాదు. మట్టిలో దాగిన మోడు తగిలితే అవి వంగిపోతాయి.

గంట సేపు నడిపాక ఆపి, అన్ని నట్లూ మళ్లీ బిగించండి. కొత్తగా వేసిన బుష్షులూ బోల్టులూ ఆ గంటలోనే సర్దుకుంటాయి. తిరుగుడు పళ్లెం నడుమనున్న సీలకు గ్రీజు పెట్టండి. పని బాగా సాగిందనుకున్నాక తుప్పు గీకి రంగు వేయండి. పలక లోపలి వైపుకు రంగు కన్న పాత నూనె పూత నయం. మట్టి అంటుకోకుండా జారుతుంది.

గ్రామాలలో పనిచేసే విస్తరణ సోదరులకు ఒక మనవి. రైతు పాత బ్లేడు కొనబోతున్నాడని తెలిస్తే, టేపు, దారం, సుద్దముక్క పట్టుకొని అతనితో పాటు వెళ్లండి. అరగంట పని. ఆ అరగంటలో ఒక కుటుంబం డబ్బు మిగలవచ్చు, ఒక మనిషి కాలు దక్కవచ్చు.

మరోసారి చెప్పి ముగిస్తాను. బ్లేడును చూసినప్పుడు పలకను చూసి మురిసిపోకండి, రంగును చూసి మోసపోకండి. వంగి, సీల దూరే బెజ్జంలోకి చూడండి. అక్కడ గుండ్రంగా ఉంటే మీ చేను చదునుగా ఉంటుంది.